ఇత్తడి నెమలి

నా బల్ల మీద జానెడు పొడవున ఒక ఇత్తడి రేకు ఉన్నది. ఆ రేకు మీద ఒక నెమలి ఉన్నది. పింఛంలో ప్రతి కన్నూ విడివిడిగా కనిపిస్తుంది. కాని మెడ దగ్గర రేకు అడ్డంగా చిరిగి ఉన్నది. మా ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "ఇంత చక్కని నెమలిని పాడుచేసింది ఎవరండీ?" అని అడుగుతారు. "నేనే!" అంటాను. అది ఎలా జరిగిందో ఇవాళ మీకు చెబుతాను, పిల్లలూ.

నా చిన్నతనంలో మేము మహబూబాబాదులో ఉండేవాళ్ళం. వేసవి సెలవులు ఇవ్వగానే అమ్మ నన్ను వెంటబెట్టుకుని రైలెక్కేది. కాజీపేటలో బండి మారి, జనగామలో దిగేవాళ్ళం. అక్కడినుంచి హైదరాబాదు రోడ్డున కొద్ది దూరం పోతే పెంబర్తి వస్తుంది. అదే మా తాత ఊరు.

ఊళ్ళో అడుగు పెట్టేసరికి సుత్తుల చప్పుడు ఎదురు వచ్చేది. పెంబర్తి ఇత్తడి నగిషీకి పేరుపడిన ఊరు. కాకతీయుల కాలంలో ఇక్కడి విశ్వకర్మలు గుళ్ళకూ, రథాలకూ లోహపు తొడుగులు చేసేవారని చెబుతారు. తరవాత నిజాముల కాలంలో పాన్‌దానులూ, అత్తరు బుడ్లూ చేశారు. ధ్వజస్తంభాల తొడుగులూ, గర్భగుడి తలుపులూ, మకరతోరణాలూ ఇప్పటికీ చేస్తున్నారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016 నుంచి జనగామ జిల్లాలో ఉన్నది.

నాకు 11 ఏళ్ళు వచ్చిన ఏడాది, భూపాలపల్లి వైపునుంచి కొందరు పెద్దలు వచ్చి, తమ ఊరి గుడికి మకరతోరణం చేసిపెట్టమని తాతను అడిగారు. తోరణానికి అటొకటి, ఇటొకటి నెమళ్ళు ఉండాలి. గుడిలో ఉత్సవానికి నెల రోజులే గడువు.

తాత పని చేస్తుంటే నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. లక్కలో ఇటుకపొడీ, నూనే కలిపి కాచిన ముద్దను ఒక పలక మీద పరిచేవాడు. అది వేడిగా ఉన్నప్పుడు దాని మీద రేకును అదిమేవాడు. చల్లారాక రేకు కదలకుండా నిలిచేది. లక్క గట్టిదే అయినా, సుత్తి దెబ్బకు కొంచెం లొంగుతుంది. అందుకే రేకు పగలకుండా లోపలికి వంగుతుంది. ముందు వెనకవైపునుంచి కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. తరవాత రేకును తిరగవేసి, ముందువైపున సన్నని ఉలులతో ఈకలూ, కళ్ళూ తీరుస్తారు.

ఇదంతా బాగానే ఉన్నది గాని, ఒక్క సంగతి మాత్రం నాకు విసుగు పుట్టించేది. పని మంచి ఊపులో ఉండగా తాత ఉన్నట్టుండి సుత్తి కింద పెట్టేవాడు. లక్కను వేడి చేసి రేకును ఊడదీసేవాడు. అంటుకున్న లక్కనంతా తుడిచి, రేకును కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చేవాడు. నీళ్ళలో ముంచి, చింతపండుతో తోమి, మళ్ళీ లక్క మీద అదిమి, అది గట్టిపడేదాకా కూర్చునేవాడు. దీనితో ఒక పూట గడిచిపోయేది.

"అస్తమానం అట్లా తీసి కాల్చకపోతే ఏం తాతా? ఈపాటికి నెమలి అయిపోయేది గదా!" అన్నాను ఒకనాడు.

"చప్పుడు విను బిడ్డా" అన్నాడు తాత. "మెత్తని రేకు దెబ్బను మింగుతుంది. అలసిన రేకు సుత్తిని ఎగరగొడుతుంది, కంగుమంటుంది. అప్పుడు దాన్ని కొట్టగూడదు. నిప్పులో పండుకోబెట్టాలె."

నేను విన్నాను గాని, నాకు అన్ని దెబ్బలూ ఒకటిగానే వినిపించాయి.

గడువు ఇంకా 10 రోజులు ఉన్నది. ఒక నెమలి పూర్తి అయింది. రెండవ నెమలికి మెడ ఒక్కటే మిగిలింది. ఆ ఉదయం తాత రేకులు కొనటానికి జనగామ పోతూ, "మెడ మీద చెయ్యి వెయ్యకు. సాయంత్రం వచ్చి కాల్చాలె" అని నాతో చెప్పాడు.

అప్పటికి మూడు వారాలుగా పాత రేకుముక్కల మీద గీతలు కొట్టటం నేర్చుకున్నాను. తాతకు ఒక పూట పని తప్పిస్తే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. కూర్చుని మెడ మీద ఈకలు కొట్టసాగాను. మొదటి వరస బాగా వచ్చింది. రెండవ వరసలో సుత్తి ఎగిరిపడసాగింది. రేకు వినటం లేదని మరింత గట్టిగా కొట్టాను. టప్పుమన్నది! మెడకు అడ్డంగా నల్లని గీత కనిపించింది. చేత్తో తడిమితే గీత కాదు, చిరుగు!

సాయంత్రం తాత వచ్చి దాన్ని చూశాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆయన 12 రోజుల పని అది. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, చివరకు కొత్త రేకు తీసి నేల మీద పరిచాడు.

"లే, తిత్తి పట్టుకో!" అన్నాడు.

ఆ నాటినుంచి కొలిమి తిత్తి ఊదటం నా పని అయింది. ఇక తాత తొందరపడతాడనీ, కాల్చటం మానేస్తాడనీ అనుకున్నాను. అట్లా జరగలేదు. కొత్త నెమలికి రేకు ఏడుసార్లు కొలిమికి వెళ్ళింది. ఒక్కసారి కూడా తగ్గలేదు. గడువునాడు గుడి పెద్దలు వచ్చేసరికి పని పూర్తి కాలేదు. "ఆచారిగారూ, మాట తప్పారే!" అని వాళ్ళు నొచ్చుకున్నారు. తాత నావంక చూడనైనా చూడలేదు. "తప్పు నాదే. నాలుగు రోజులు ఓపిక పట్టండి" అన్నాడు. ఆ మాట నాకు చెంపదెబ్బ కంటె గట్టిగా తగిలింది.

ఆ ఏడు సార్లలో అయిదవసారి అనుకుంటాను, తాత సుత్తి ఆపకముందే, "తాతా, కంగుమంటున్నది" అన్నాను. ఆయన నవ్వి సుత్తి కింద పెట్టాడు.

రేకు ఎందుకు అలసిపోతుందో నేను పెద్దయ్యాక చదువుకున్నాను. ఇత్తడి అంటే రాగీ, జింకూ కలిసిన లోహం. అందులో పరమాణువులు వరసలు తీరి ఉంటాయి. దెబ్బ తగిలితే ఒక వరస ఇంకొక వరస మీద జారుతుంది. కాని వరస మొత్తం ఒకేసారి జరగదు. మీ ఇంట్లో పెద్ద జంపఖానాను లాగి చూడండి, కదలదు. దాని ఒక కొసన మడత పెట్టి ఆ మడతను అవతలి కొసకు నెట్టండి, సులువుగా జరుగుతుంది. లోహంలోనూ అటువంటి మడతలే నడుస్తాయని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారుగా చెప్పారు. కొట్టినకొద్దీ మడతలు పెరిగి ఒకదానికొకటి అడ్డుపడతాయి. అప్పుడు లోహం బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే చిరుగుతుంది. నిప్పులో కాలిస్తే పరమాణువులు మళ్ళీ వరసలు తీరి, లోహం మెత్తబడుతుంది. ఈ సంగతి మా తాత పుస్తకంలో చదవలేదు, చెవితో విన్నాడు.

రేకును కొట్టి బొమ్మ చెయ్యటం మన దేశానికే పరిమితం కాదు. 1886లో అమెరికాలోని న్యూయార్కు రేవులో నిలిపిన స్వేచ్ఛా విగ్రహం 46 మీటర్ల పొడవు. దాని పైతొడుగు మందం 2.4 మిల్లీమీటర్లే! సుమారు 300 రాగి రేకులను సుత్తులతో కొట్టి దాన్ని చేశారు.

నేను నగిషీ పనివాణ్ణి కాలేదు, బడిపంతులునయినాను. మా మామ కొడుకులు కూడా పట్నంలో వేరే ఉద్యోగాలలో కుదిరారు. ఇంత ఓపికకు తగిన కూలి దొరకదని వాళ్ళు అంటే, కాదనలేకపోయాను. కాని ఓపిక అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ కొలిమి దగ్గరే. ఆగకుండా కొడుతూ ఉండటమే ఓపిక అని అప్పటిదాకా అనుకున్నాను. ఆగవలసినచోట ఆగి, ఆ పూట పోయినా మళ్ళీ మొదలుపెట్టటం అంతకంటె కష్టం. మా బడిలో ఎవడైనా ఒక లెక్కతో గంటసేపు కుస్తీపట్టి పలక విసిరికొట్టబోతే, "దాన్ని కాసేపు కొలిమిలో పెట్టరా! సాయంత్రం మళ్ళీ చూద్దువుగాని" అంటాను. చాలామందికి సాయంత్రం ఆ లెక్క వస్తుంది.

కొన్నేళ్ళ కిందట భూపాలపల్లి వైపు వెళ్ళినప్పుడు ఆ గుడికి పోయాను. తోరణం ఇంకా ఉన్నది. పూజారిగారు దీపం ఎత్తి చూపారు. రెండు నెమళ్ళూ మెరిశాయి. వాటిలో రెండవసారి చేసింది ఏదో నేను పోల్చుకోలేకపోయాను.