ప్లాన్ రాసే ముందు అడ్మిషన్ రిజిస్టర్ తెరవండి

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఐక్యూఏసీ (అంతర్గత నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్ అనగానే అందరికీ నాక్ గుర్తింపు పనే గుర్తొస్తుంది. పీర్ టీం వస్తోందంటే ఫైళ్లు, ఫొటోలు, సంతకాల కోసం పరుగులు. అవన్నీ నేనూ చేస్తాను. కానీ ఆ బాధ్యతలో నా మనసు పడ్డది పర్‌స్పెక్టివ్ ప్లాన్ మీద. రాబోయే ఐదేళ్లలో కాలేజీ ఏం చేయాలో, ఏం మానుకోవాలో తేల్చే కాగితం అది.

నాక్ పాత పద్ధతిలో అనుబంధ కాలేజీలకు వెయ్యి మార్కుల్లో బోధన, మూల్యాంకనాలకు 350 ఉంటే, పాలన, నిర్వహణలకు వంద ఉండేవి. అందులో ప్లాన్‌ది ఒక చిన్న ముక్క. అందుకే చాలాచోట్ల పాత ప్లాన్‌లో సంవత్సరాలు మార్చి పైకి పంపేస్తారు. నాకది అన్యాయంగా తోస్తుంది. ఆ కాగితం మీద ఆధారపడేది మార్కులు కాదు, పిల్లల చదువులు.

2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ మేజర్ వచ్చింది. అంతకుముందు హెచ్ఈపీ అన్నా, బీజెడ్‌సీ అన్నా మూడు సబ్జెక్టులూ సమానమే. కొత్త పద్ధతిలో ఒకటే మేజర్, రెండో సెమిస్టర్ నుంచి ఒక మైనర్. స్టాఫ్ మీటింగ్‌లో మొదట లేచిన ప్రశ్న వర్క్‌లోడ్ గురించే. మేజర్‌కు పిల్లలు రాకపోతే మా పోస్టు ఉంటుందా, బదిలీ తప్పదా అని హిస్టరీ వాళ్లు, ఎకనామిక్స్ వాళ్లు అడిగారు. ఆ భయం న్యాయమైనదే. కానీ పోస్టులు కాపాడుకోవడానికి రాసేది ప్లాన్ కాదు. అందుకే అడ్మిషన్ రిజిస్టర్లూ, టీసీ దరఖాస్తులూ తెప్పించి బల్లమీద పరిచాం. ఏ ఊరి నుంచి ఎవరొచ్చారు, ఇంటర్లో ఏ గ్రూపు, తల్లిదండ్రులు ఏం చేస్తారు, ఎవరు మధ్యలో మానేశారు అని పట్టికలు వేశాం.

మానేసిన ఆడపిల్లల్లో ఎక్కువమంది ఒకే దారిలో ఉన్న ఊళ్లవాళ్లు. కారణం అన్నచోట "వివాహం" అనే ఉంది. టీసీలు రాసే జూనియర్ అసిస్టెంట్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. "కాగితం మీద అలాగే రాస్తారు మేడం. ప్రాక్టికల్స్ అయ్యేసరికి ఆ ఊళ్లకి బస్సు వెళ్లిపోతుందండి. చీకటి పడ్డాక ఆటోలో రానివ్వరు. మానిపించాక సంబంధాలు చూస్తారు" అన్నాడు.

లెక్చరర్లమైన మాకెవరికీ తెలియని సంగతి అది. మా ప్లాన్‌లో మొదటి అంశం అక్కడే పుట్టింది: సైన్స్ ప్రాక్టికల్స్ పొద్దుటి పూటకు మార్చాలి, బస్సు వేళ కోసం డిపో మేనేజర్‌ను కలవాలి. టైంటేబుల్ మార్చడానికి రూపాయి ఖర్చు కాలేదు. బస్సు కోసం మాత్రం ఇంకా తిరుగుతున్నాం.

కోర్సుల సంగతి దీనికంటే కష్టం. అడ్మిషన్ల రోజుల్లో తండ్రులు వచ్చి "కంప్యూటర్స్ ఉందాండీ?" అనే అడుగుతారు. ఉందంటే సీట్లు నిండుతాయి. కానీ శాంక్షన్డ్ పోస్టు లేకుండా, సరైన ల్యాబ్ లేకుండా, గెస్ట్ ఫ్యాకల్టీ మీదే మేజర్ నడిపితే మూడేళ్ల తర్వాత ఆ పిల్లవాడి చేతిలో సర్టిఫికెట్ తప్ప ఏముంటుంది? ల్యాబ్ సమకూరేదాకా కంప్యూటర్స్‌ను మైనర్‌గానే ఉంచుదామన్నాను. ఆ ఏడాది అడ్మిషన్లు పడిపోతాయని కొందరు గట్టిగా వాదించారు. ఎకనామిక్స్ మేజర్ మాత్రం పిల్లలు తక్కువైనా ఉంచాలని పట్టుబట్టాను. గ్రూప్స్‌కు చదవాలనుకునే పేదపిల్లలకు మా చుట్టుపక్కల ఇంకో దారి లేదు. కాలేజీ ప్లానింగ్ అండ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ (సీపీడీసీ) సమావేశంలో రెండూ ఒప్పుకున్నారు.

ప్రతి సంస్థా ఇలాంటి అభివృద్ధి ప్రణాళిక (ఐడీపీ) రాసుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అధ్యాపకులతోపాటు విద్యార్థులూ, సిబ్బందీ కలిసి దాన్ని తయారుచేయాలని కూడా అందులోనే ఉంది. యూజీసీ 2024లో మార్గదర్శకాలూ ఇచ్చింది. విద్యార్థులూ సిబ్బందీ అన్న మాటను మాత్రం మనం సంతకాల దగ్గరే ఆపేస్తున్నాం. ఆ జూనియర్ అసిస్టెంట్‌ను మేం ఇప్పుడు ప్లానింగ్ కమిటీలో వేసుకున్నాం. ఆ దారిలో వచ్చే ఇద్దరు విద్యార్థినులు కూడా అందులో ఉన్నారు.

ఈ ఏడాది ఐడీపీ రాయబోతున్న సహోద్యోగులకు ఒక్క మనవి. టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసేముందు మీ ఆఫీసు గదిలోకి వెళ్లండి. గత ఐదేళ్ల టీసీ దరఖాస్తులు తీయించి, టీసీలు రాసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.