మకాం

"ఎన్నాళ్లుంతావు బాబూ?" అని అడిగింది ఇంటామె.

భీమిలిలో గంటస్తంభానికి కాస్త దూరంలో, మేడ మీద ఒక్క గది. భుజాన ఉన్న సంచీ ఇంకా దించలేదు నేను. "పది రోజులమ్మా" అన్నాను.

"పది రోజులకి గదెవులిత్తారు? నెల అద్దె ఇచ్చీ. పది రోజులుంతావో, నెలంతా ఉంతావో నీ ఇష్టం."

ఇచ్చేశాను. మెట్లెక్కి సంచీ మూలన పెట్టి, ఉప్పునీళ్లతో వజూ చేసి, జానమాజ్ పరిచి జొహర్‌కి నిలబడ్డాను. ఫర్జ్ నాలుగు రకాతులకి బదులు రెండే చదివాను. ముసాఫిర్‌ని కదా.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తాను. ప్రయాణంలో ఉన్నవాడికి నమాజ్‌లో రాయితీ ఉంది. జొహర్, అసర్, ఇషా, ఈ మూడింటిలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండుకి తగ్గుతుంది. దాన్ని ఖసర్ అంటారు. ఫజర్ రెండూ, మగ్రిబ్ మూడూ అలాగే ఉంటాయి. మా హనఫీల లెక్క ప్రకారం, ఊరు విడిచి సుమారు 78 కిలోమీటర్ల దూరం వెళ్లినవాడు, అక్కడ 15 రోజులకి తక్కువ ఉండాలనుకుంటే ముసాఫిర్. 15 రోజులు గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటానని నియ్యత్ చేసుకుంటే ముఖీం. అప్పుడు నాలుగూ చదవాల్సిందే. అంటే ఇంటామె కింద అడిగిన సవాలే మేడ మీద నమాజ్ కూడా అడుగుతుంది. ఎన్నాళ్లుంటావు?

ఈ లెక్క నాకు ఉర్దూ మీడియం బళ్లో ఉన్నప్పట్నించీ తెలుసు. అది గుండెకి తగిలింది మాత్రం మొన్న చలికాలంలో, కర్నూల్లో.

అమ్మీ ఇంతెఖాల్ అయ్యింది. కొండారెడ్డి బురుజుకి అవతల, పాతబస్తీలో 31 ఏళ్లు కిరాయికున్న ఇల్లు మాది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊళ్లోకొచ్చినప్పుడు కూడా అమ్మీ ఆ ఇల్లు వదల్లేదు. పక్కవాళ్ల డాబా మీద తలదాచుకుని, నీళ్లు తీసేశాక దిగొచ్చి, బురద ఎత్తిపోసి, గోడలు కడిగి మళ్లీ అక్కడే పొయ్యి వెలిగించింది. చెహ్లుం అయ్యాక తమ్ముడు దుబాయ్ వెళ్లిపోయాడు, చెల్లెలు ఆదోని వెళ్లిపోయింది. తాళాలు నేనే ఇచ్చేశాను. ఇంటి మాలిక్ ఎప్పుడో అబ్బా కట్టిన 500 రూపాయల అడ్వాన్స్ గుర్తుపెట్టుకుని, కవర్లో పెట్టి ఇచ్చాడు. తీసుకోనంటే ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం మసీదుకి వెళ్లేసరికి అసర్ జమాత్ అయిపోయింది. ఒంటరిగా చదువుకోవాలి. ఎన్ని రకాతులు? ఎందుకో అనుమానమొచ్చి మౌలానా సాబ్‌ని అడిగాను.

"బీవీ బచ్చే ఎక్కడ?"

"హైదరాబాద్‌లో. ఇరవై రెండేళ్లయ్యింది వెళ్లి."

"మళ్లీ ఇక్కడికొచ్చి ఉండే ఇరాదా ఉందా?"

"లేదు."

"ఇల్లు?"

"తాళాలు ఇప్పుడే ఇచ్చేశాను."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా "అయితే ఖసర్ చెయ్ బేటా" అన్నారు.

పుట్టిన ఊరు. నాకు అలీఫ్ బే నేర్పిన మసీదు. అబ్బా, అమ్మీ ఇద్దరూ పడుకున్న ఖబరస్తాన్ అక్కడికి నడిచెళ్లే దూరం. అక్కడ నిలబడి రెండు రకాతులు చదివి సలాం తిప్పాను. మసలా తప్పని కాదు. ఆయన చెప్పింది సబబే. కానీ ఆ రోజు నుంచి నాకు రాత ఆగిపోయింది. ఆఫీసులో వార్తలు దిద్దుతున్నాను, హెడ్డింగులు పెడుతున్నాను, నాదంటూ ఒక్క లైన్ రావట్లేదు. చివరికి మా ఆవిడే అంది. "కొన్నాళ్లు ఎటైనా వెళ్లి రండి. ఇంట్లో ఉన్నా మీరు ఇంట్లో లేరు." పిల్లలకి ఎండాకాలం సెలవులిచ్చారు. వాళ్లని తీసుకుని తను నిజామాబాద్, పుట్టింటికి వెళ్లింది. నేను మా అబ్బాయి పాత బ్యాగొకటి వీపుకి తగిలించుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సగం గడ్డం నెరిసినవాడి వీపు మీద కాలేజీ కుర్రాడి బ్యాగు చూసి ఎదుటి బెర్తులో పిల్ల నవ్వుకుంది.

విశాఖే ఎందుకంటే పెద్ద కారణమేమీ లేదు. అమ్మీ సముద్రం చూడలేదు. "ఒకసారి తీసుకెళ్లరా" అని రెండు మూడుసార్లు అంది. "వచ్చే ఏడు" అన్నాను, రెండు మూడుసార్లూ.

విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని వెళ్తే భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. 1861లోనే మున్సిపాలిటీ అయిన పాత ఊరు, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో ఒక శివారు. పొద్దున్నే దిగి గది కోసం తిరిగాను. మొదటి ఇంట్లో "ఫ్యామిలీకే ఇస్తాం" అన్నారు. న్యాయమే. రెండో ఇంటాయన మర్యాదస్తుడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు, జర్నలిస్టునంటే సంతోషించాడు, రాజకీయాలు మాట్లాడాడు. ఆ తర్వాత పేరడిగాడు. చెప్పాను. "మేం వెజిటేరియన్సుకే ఇస్తామండీ" అన్నాడు. ఒడ్డు మీద ఆరబెట్టిన ఎండుచేపల వాసన ఆయన వరండా నిండా ఉంది.

"పది రోజులే కదండీ, పప్పే తింటాను" అన్నాను నవ్వుతూ.

"అది కాదండీ..." అన్నాడు.

ఏది కాదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. హైదరాబాద్‌లో ఐదిళ్లు మారినవాణ్ని. "అది కాదండీ" అనే మాట నాకు కొత్త కాదు. కాఫీ బాగుందని చెప్పి లేచాను.

మూడో ఇల్లే ఈమెది. అద్దె లెక్కపెట్టుకుని కొంగున కట్టుకున్నాకే పేరడిగింది. చెప్పి, ఊపిరి బిగపట్టాను.

"సాయిబులా? సరే గానీ, నీళ్ల సంగతి సెప్తాను ఇను. బోరు నీళ్లు ఉప్పన. సబ్బు రుద్దినా నురగ రాదు. మంచినీళ్ల కొళాయి పొద్దున్నే వస్తాది. బేగి లెగిసి బిందె పట్టుకోవాలి. పడుకుండిపోతే నా బాధ్యత కాదు."

ఫజర్‌కి ఎలాగూ లేస్తాను కదా, ఆ షర్తు నాకు కష్టమనిపించలేదు.

మొదటి నాలుగు రోజులు సంచీలోంచి ఏమీ బయటికి తీయలేదు. కావల్సింది తీసుకోవడం, వాడి మళ్లీ అందులోనే పెట్టడం. రెండు షర్టులు, లుంగీ, ల్యాప్‌టాప్, అమ్మీ సరోతా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చెల్లెలు పాన్‌దాన్ తీసుకుంది, నేను సరోతా తీసుకున్నాను. నాకు వక్కలు నమిలే అలవాటు లేదు. ఊరికే.

మధ్యాహ్నం ఉక్కపోత. గదికున్న కిటికీలోంచి రెండు ఇళ్ల మధ్య జానెడు సముద్రం కనబడుతుంది. సాయంత్రం ఒడ్డుకి వెళ్తే పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మన తూర్పు తీరంలో మరపడవల వేటకి నిషేధం. 61 రోజులు. సముద్రం మీద బతికేవాళ్లంతా నేల మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్లూ నాలాగే పని లేక కూర్చున్నారనుకున్నాను. పొరపాటు. చిరిగిన వల సరిచేయడం వేటకంటే తక్కువ పనేమీ కాదు. కన్ను కన్నూ వెతికి, దారం లాగి ముడి వెయ్యాలి. నా చేతిలో నోట్‌బుక్కు చూసి ఒకాయన గబగబా లేచొచ్చాడు. "సార్, భరోసా లిస్టులో నా పేరు రాలేదు. ఏ ఆఫీసు సార్ మీది?" ఆఫీసు కాదు, పేపరన్నా వదల్లేదు. ఇంకో నలుగురొచ్చారు. అందరి గోడూ రాసుకున్నాను. చాలా రోజుల తర్వాత కలం కదిలింది, అదీ మరొకరి కష్టం రాయడానికి.

రాత్రి ఆ కాగితాలు దిద్దుతుంటే ఒక మాట దగ్గర ఆగాను. "జాలర్లు ఒడ్డునే మకాం వేశారు" అని రాశాను. మకాం. తెలుగు డిగ్రీలో మా సారు ఈ మాటని అన్యదేశ్యాల జాబితాలో చదివించారు. బళ్లో మా ఉస్తాద్ దాని వేళ్లు చూపించారు. ఖాఫ్, వావ్, మీమ్. నిలబడటం అన్న అర్థమిచ్చే ఆ మూడు అక్షరాల్లోంచే మఖామ్ వచ్చింది, ముఖీం కూడా వచ్చింది. ఉర్దూలో ఇంటికి మకాన్ అంటాం, చెవికి దగ్గరగానే ఉంటుంది గానీ దాని వేరు వేరే. మకాన్‌కి గోడలు కావాలి. మఖామ్‌కి మనిషి నిలబడితే చాలు. తెలుగులోకొచ్చేసరికి ఆ మాట కూడా తాత్కాలికమైపోయింది. మనవాళ్లు మకాం "వేస్తారు", "ఎత్తేస్తారు". మజిలీ కథ కూడా అంతే, అది మన్‌జిల్ నుంచి వచ్చింది. మనం చేరాల్సిన చోటనుకునేది కాస్తా తెలుగులో దారిలో ఆగే చోటయ్యింది.

ఊళ్లో డచ్చివాళ్ల సమాధులున్నాయి. 17వ శతాబ్దంలో వర్తకానికొచ్చి, 1825లో ఆంగ్లేయులకి ఊరు అప్పగించి వెళ్లిపోయారు. అందరూ కాదు. కొందరు ఆ గోడ లోపల ఉండిపోయారు. ఎత్తుగా కట్టిన ఇటుక సమాధుల మధ్య తిరుగుతుంటే, వీళ్లూ బయల్దేరేటప్పుడు ఇంట్లో "కొన్నాళ్లే" అని చెప్పే వచ్చుంటారనిపించింది. ఒక ఫాతిహా చదవాలనిపించింది గానీ, ఊరికే నిలబడి వచ్చేశాను.

జుమాకి మసీదుకి వెళ్లాను. తర్వాత ఇషాకి కూడా వెళ్లడం మొదలుపెట్టాను. ఇక్కడింకో మసలా ఉంది. స్థానిక ఇమాం వెనక చదివితే ముసాఫిర్ కూడా పూర్తి నాలుగూ చదవాలి. అలా జమాత్‌లో నాలుగు, గదిలో ఒంటరిగా ఉంటే రెండు. ఒక ముసలాయన రోజూ నా పక్క సఫ్‌లోనే నిలబడేవాడు. మూడో రోజు "కొత్తగా వచ్చారా, పోయేవాళ్లా?" అని అడిగాడు. "పోయేవాణ్నే చాచా" అన్నాను. "ఎప్పుడు?" "చూడాలి. ఒకట్రెండు రోజుల్లో." ఆయన నవ్వాడు. "అలా అంటూ నలభై ఏళ్లు ఉన్నాను నేను. శ్రీకాకుళం మాది."

హనఫీ మసలాలో ఇది కూడా ఉంది. రేపు పోతా, ఎల్లుండి పోతా అనుకుంటూ ఏళ్లు గడిపినా సరే, 15 రోజులుంటానని గట్టిగా అనుకోనంతవరకూ మనిషి ముసాఫిరే. నడిచొస్తుంటే ఆ మాట నన్ను వదల్లేదు. హైదరాబాద్‌లో నా ఇరవై రెండేళ్లు ఎలా గడిచాయి? ఎప్పటికైనా కర్నూలు వెళ్లిపోతాంలే అని గోడకి మేకు కొట్టలేదు, మంచి బీరువా కొనలేదు. అక్కడికెళ్తే మొదటి రోజే తిరుగు టికెట్ చూసుకునేవాణ్ని. అమ్మీ ఒకసారి దెప్పింది. "ఆయే సో దినిచ్ జానే కే దినా గిన్తా క్యా రే?" వచ్చిన రోజే పోయే రోజులు లెక్కపెడతావేంట్రా అని. మౌలానా సాబ్ ఫత్వా నన్ను ముసాఫిర్‌ని చేయలేదు. ఆయన ఉన్నదే చెప్పాడు. రెండు ఊళ్లలోనూ నియ్యత్ లేకుండా బతికినవాణ్ని నేనే.

తొమ్మిదో రోజు రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అబ్బా, సముద్రం ఎలా ఉంది?"

"బాగుందమ్మా. వచ్చే ఏడు తీసుకొస్తా..."

నోట్లోంచి మాట వచ్చాక ఆగిపోయాను. అచ్చం అదే మాట, అదే గొంతు.

"అమ్మీకి ఫోనివ్వు" అన్నాను.

మర్నాడు టికెట్ క్యాన్సిల్ చేశాను. లెక్క కూడా చూసుకున్నాను. ఇంకో ఐదు రోజులుంటానంటే కుదరదు, అనుకున్న రోజు నుంచి 15 రోజులు ఉండాలి. ఆఫీసుకి మెయిల్ పెట్టాను. సంచీ మంచమ్మీద బోర్లించి షర్టులు తీగ మీద వేశాను, పుస్తకాలు గూట్లో పెట్టాను, ఖాళీ బ్యాగు మడిచి మంచం కిందికి తోశాను.

కిందికెళ్లి "అమ్మా, నెలాఖరుదాకా ఉంటాను. మా వాళ్లు కూడా వస్తున్నారు" అన్నాను.

"నెల డబ్బులు మొదటి రోజే తీసుకున్నాను కదా, కొత్తగా సెప్తావేటి? ఎంతమంది వస్తారు?"

"ముగ్గురు."

"అయితే నీకున్న బిందె సాలదు. ఇంకోటి ఇత్తాను పట్టుకెల్లు." లోపలికెళ్లబోయి, నా చేతిలో ఉన్నదాన్ని చూసి ఆగింది. "అదేటి, అడకత్తెరా? నీకెందుకది?"

"మా అమ్మది. మీరు వక్కలేసుకుంటారు కదా, ఉన్నన్నాళ్లూ మీ దగ్గర పెట్టుకోండి."

అటూ ఇటూ తిప్పి చూసింది. "పదునుంది" అంది.

రెండో బిందెతో మేడెక్కాను. జొహర్ వేళయ్యింది. నియ్యత్ చేసి నిలబడ్డాను. నాలుగు రకాతులు.