అంచు మడవక్కర్లేని బట్ట

1879 డిసెంబరు. దక్షిణ జర్మనీలోని గీంగెన్ అనే చిన్న ఊళ్లో బట్టలు కుట్టి అమ్ముకునే మార్గరెటే స్టైఫ్‌కు ఒక ఫ్యాషన్ పత్రికలో బుల్లి ఏనుగు నమూనా కంటబడింది. ఆమెకప్పుడు 32 ఏళ్లు. ఏడాదిన్నర పిల్లగా ఉన్నప్పుడే పోలియో సోకి కాళ్లు పడిపోయాయి, కుడిచెయ్యి కూడా సరిగా ఆడదు. కుట్టుమిషన్ చక్రం తిప్పడానికి ఆ చెయ్యి సహకరించకపోతే, మిషన్నే వెనక్కి తిప్పి పెట్టుకుని ఎడమచేత్తో కుట్టేదని చెబుతారు. ఫెల్ట్ ముక్కలకు కొరత లేదు, ఆ బట్ట తయారయ్యే కార్ఖానా ఊళ్లోనే ఉంది. ఏనుగు ఆకారం కత్తిరించి, లోపల గొర్రెపిల్ల ఉన్ని కూరి, గుండుసూదులు గుచ్చుకోవడానికి పనికొస్తుందని అయినవాళ్లకు పంచిపెట్టింది.

సూదుల దిండు కాస్తా పిల్లల చేతికి చిక్కి ఆటబొమ్మయింది. తమ్ముడు ఫ్రిట్జ్ వాటిని పక్క ఊరి సంతకు తీసుకెళ్లాడు. 1886 నాటికి 5,000కు పైగా ఏనుగులు అమ్ముడయ్యాయి. ఆ ఇంటి కంపెనీయే తర్వాత టెడ్డీబేర్‌తో లోకానికి తెలిసింది. ఎలుగుబంటికి వచ్చినంత పేరు ఏనుగుకు రాలేదు, పాపం.

ఇంతకీ ఫెల్ట్ అంటే ఏమిటి? మనకు తెలిసిన గొంగడి నేత బట్ట: ఉన్ని వడకాలి, నూలు గట్టిపడటానికి చింతగింజల గంజి పట్టించాలి, మగ్గం మీద పడుగూ పేకా కలపాలి. ఫెల్ట్‌కు వడకడమూ లేదు, మగ్గమూ లేదు. గొర్రె వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొరలుంటాయి. వేడినీళ్లు, సబ్బు తగిలితే అవి విచ్చుకుంటాయి. అప్పుడు గట్టిగా రుద్ది నొక్కితే వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక విడిపోవు. ఉన్ని స్వెట్టర్‌ను మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికిన ఇల్లాలికి ఈ శాస్త్రం వేరే చెప్పక్కర్లేదు. పెద్దాడి స్వెట్టర్ చంటివాడికి కూడా పట్టకుండా పోయినప్పుడే తెలిసొచ్చి ఉంటుంది. ఐరోపాలో ఫెల్ట్ చేసేవాళ్లు క్లెమెంట్ అనే పునీతుణ్ణి తమ రక్షకుడిగా కొలుస్తారు. నడిచి నడిచి పాదాలు బొబ్బలెక్కితే ఆయన చెప్పుల్లో ఉన్ని పరుచుకున్నాడనీ, ఊరు చేరేసరికి అది అణిగి ఫెల్ట్ అయిపోయిందనీ కథ. ఆయన పండుగ నవంబరు 23న, సరిగ్గా క్రిస్మస్ అలంకారాల కుట్లు మొదలయ్యే వేళకు.

పడుగూ పేకా లేవు గనుక కత్తిరించిన చోట దారాలు ఊడిరావు. అంచు మడిచి కుట్టే బాధ లేదు. చెయ్యి తిరగని నాయనమ్మ, ఓపిక చాలని తండ్రి, ఎనిమిదేళ్ల పిల్ల, ఎవరు కత్తిరించినా బట్ట చెడదు. ఫెల్ట్ ఇంటిల్లిపాది పనిగా నిలవడానికి దాని అందం కన్నా ఈ ఓర్పే కారణం.

అలంకారంగానూ దీనిది పాత చరిత్రే. సైబీరియాలోని అల్టాయ్ కొండల్లో, పజిరిక్ అనే చోట మంచులో గడ్డకట్టిన సమాధిని 1949లో తవ్వితే అందులో ఫెల్ట్ హంసలు దొరికాయి. తెల్లని ఒళ్లు, నల్లని ముక్కు, లోపల కూరినవి రెయిన్‌డీర్ వెంట్రుకలు. వయసు రెండువేల ఏళ్లకు పైమాటే. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. క్రిస్మస్ చెట్టుకు తగిలిస్తే ఈ ఏడాది కుట్టినవే అనుకుంటారు.

డెన్మార్క్‌లో డిసెంబరు వస్తే ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి కత్తెర్లు పట్టే అలవాటు ఉంది. ఎక్కువగా చేసేది అల్లిక హృదయం. ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి, రెండు ముక్కలను మడిచి, పట్టీలుగా చీల్చి, చాప అల్లినట్టు ఒకదాంట్లోంచి ఒకటి దూరుస్తారు. అల్లిక పూర్తయితే చిన్న బుట్టలా నోరు తెరుచుకుంటుంది, అందులో మిఠాయిలు వేసి చెట్టుకు వేలాడదీస్తారు. పిల్లల కథల హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినది నేటికీ భద్రంగా ఉంది. అసలు పద్ధతి కాగితంతోనే. కానీ మూడో పట్టీ దూర్చేటప్పుడు కాగితం చిరిగి పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. ఫెల్ట్‌తో అల్లితే ఆ గొడవ లేదు, పైగా మరుసటేడాదికీ పనికొస్తుంది.

అమెరికాలోనేమో క్రిస్మస్‌కు వేలాడదీసే ఫెల్ట్ మేజోళ్ల కిట్లు. అచ్చువేసిన బట్ట, చమ్కీలు, దారం, సూది, అన్నీ ఒకే సంచిలో. మనవడు పుట్టగానే అమ్మమ్మ ఒకటి మొదలుపెట్టి, పేరు కుట్టి, ఆ క్రిస్మస్‌కు అందిస్తుంది. చూడముచ్చటగానే ఉంటాయి, కాదనలేం. కాకపోతే ఒకే కిట్ కొన్న ఇళ్లన్నిటా శాంటా తాత ఒకేలా నవ్వుతుంటాడు.

కిట్ లేకపోతేనే ఇంటి గుర్తు మిగులుతుంది. మన ఊళ్లలోనూ స్టేషనరీ కొట్లలో ఫెల్ట్ షీట్లు దొరుకుతున్నాయి. చాలావరకు పాలిస్టరే, ఉన్ని కాదు, కత్తెరకు మాత్రం ఆ తేడా పెద్దగా తెలియదు. పాత శుభలేఖ అట్ట మీద నక్షత్రమో, పావురమో, మామిడిపిందో గీసి కత్తిరించాలి. దాన్ని షీటు మీద పెట్టి, దర్జీలు వాడే సబ్బుముక్కతో చుట్టూ గీత గీయాలి. జంట ముక్కలను కాజా కుట్టుతో కలుపుతూ వచ్చి రెండు వేళ్ల సందు వదలాలి. అందులోంచి బూరుగు దూదిని పెన్సిల్ వెనకవైపుతో కూరాలి. మూలల్లోకి ముందు, మధ్యలోకి తర్వాత. ఈ వరస తప్పితే నక్షత్రానికి పొట్ట వస్తుంది, చేతులు చచ్చుబడతాయి. సందు మూసి, పైన దారం ఉచ్చు తగిలిస్తే సరి.

దాచవలసింది బొమ్మలతో పాటు ఆ అట్టముక్కలను కూడా. ముక్కు కాస్త వంకరగా గీసిన పావురం అట్ట ఒకటి ఉంటే, దాంతో కత్తిరించిన ప్రతి పావురానికీ అదే వంకర వస్తుంది. సరిచేద్దామని ఎవరో ఒకరు కత్తెర తీస్తారు, మరొకరు చెయ్యి పట్టుకుంటారు. జనవరిలో బొమ్మలన్నీ దించి బిస్కెట్ డబ్బాలో సర్దేటప్పుడు, ఉన్నివి ఉంటే పురుగు పట్టకుండా ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేస్తారు. పాలిస్టర్ వాటికి ఆ బెడద లేదు. అట్టలు మాత్రం అన్నిటికన్నా పైన, మూత తియ్యగానే చేతికందేలా.