ఎల్‌ఎస్‌డీకి భయపడ్డాం, ఉమ్మెత్తకి దండం పెట్టాం

మత్తుమందుల గురించి మనకి తెలిసినదాంట్లో సగం సినిమాల్లోంచి వస్తుంది. పావు వంతు వాట్సాప్‌లోంచి. మిగతాది హాస్టల్ సీనియర్ల నోటి నుంచి. సిగరెట్ తాగితే ఏం పాడవుతుందో, మందు తాగితే ఏం పోతుందో ఎవరినడిగినా చెప్తారు. మరి ఎల్‌ఎస్‌డీ తీసుకుంటే ఒంట్లో ఏమవుతుంది? అడిగి చూడండి. "పిచ్చెక్కిపోతుంది" అంటారు కొందరు. "ఏం కాదు బ్రో, అంతా మైండే" అంటారు ఇంకొందరు. ఈ రెండు జవాబుల మధ్య ఉన్నదే అసలు విషయం. దాన్ని తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ.

నేను డాక్టర్ని కాదు. సామర్లకోటలో పుట్టి, కాకినాడలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నవాణ్ణి. నన్ను ఈ చదువులోకి లాగింది మా పిన్ని కొడుకు. ఇంజనీరింగ్ మూడో ఏడాది. ఓ రాత్రి పదకొండింటికి నాకో ఫార్వర్డ్ పంపాడు. ఎల్‌ఎస్‌డీ వెన్నుపూసలో జీవితాంతం ఉండిపోతుందట. పుట్టబోయే పిల్లల జన్యువులు పాడవుతాయట. కింద మావాడి కామెంట్: "అన్నయ్యా, ఇవన్నీ ఫేక్. చెక్ చేశాను. అంటే సేఫే కదా? ఫ్రెండ్స్ గోకర్ణ ప్లాన్ చేస్తున్నారు."

ఆ "అంటే" దగ్గర నాకు భయమేసింది. ఫార్వర్డ్ అబద్ధమే. కానీ టెస్ట్ కేసు తప్పుగా రాసినంత మాత్రాన కోడ్ కరెక్ట్ అయిపోదు కదా. భయపెట్టడానికి చెప్పిన అబద్ధం బయటపడితే వచ్చే నష్టం ఇదే. ఆ తర్వాత నిజం చెప్పినా కుర్రాళ్లు నమ్మరు. అందుకే ముందు అబద్ధాల లెక్క తేల్చి, తర్వాత నిజాల దగ్గరికి వస్తాను.

ఎల్‌ఎస్‌డీని మొదట తయారుచేసింది ఆల్బర్ట్ హాఫ్‌మన్. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, శాండోజ్ కంపెనీలో కెమిస్ట్. సంవత్సరం 1938. రై అనే ధాన్యం కంకులకి పట్టే ఎర్గాట్ అనే బూజు మీద ఆయన పనిచేస్తున్నారు. మన సజ్జ కంకులకి వచ్చే తేనెబంక తెగులు కూడా ఆ కుటుంబానిదే. 1943 ఏప్రిల్ 19న ఆయన తనమీద తనే ప్రయోగం చేసుకున్నారు. ప్రాణం పోతోందనుకుని డాక్టర్ని పిలిపించారు. డాక్టర్ చూస్తే నాడి, బీపీ, ఊపిరి అన్నీ మామూలుగానే ఉన్నాయి. కంటిపాపలు మాత్రం బాగా పెద్దవయ్యాయి. ఆ హాఫ్‌మన్ 2008లో, 102 ఏళ్ల వయసులో పోయారు.

ఇక వెన్నుపూస కథ. ఎల్‌ఎస్‌డీ రక్తంలో సగానికి తగ్గడానికి పట్టేది సుమారు 3 గంటలు. ఒకటి రెండు రోజుల్లో దాదాపు ఏమీ మిగలదు. వెన్నులో దాక్కోవడం లేదు, ఎప్పుడో మళ్లీ కారడం లేదు. మరి ప్రభావం 8 నుంచి 12 గంటలు ఎందుకుంటుంది? మెదడులో సెరటోనిన్ అనే రసాయనానికి తాళాల్లాంటి రిసెప్టర్లు ఉంటాయి. ఎల్‌ఎస్‌డీ అందులో తాళంచెవిలా దూరుతుంది. దూరాక ఆ రిసెప్టర్‌లో ఒక భాగం మూతలా పైన మూసుకుంటుందని, అందుకే అది త్వరగా బయటికి రాలేదని 2017లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు.

అదే 2017 జూలైలో హైదరాబాద్ డ్రగ్స్ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ఎక్సైజ్ అధికారులు ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ పట్టుకున్నారు. సినిమావాళ్లని విచారణకి పిలిచారు. గోళ్లు, వెంట్రుకల నమూనాల గురించి టీవీల్లో రోజుల తరబడి చర్చ. చూసినవాళ్లకి "ఒంట్లో ఎప్పటికీ ఉండిపోతుందన్నమాట" అనిపించడం సహజం. కానీ వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెరుగుతున్నప్పుడు రక్తంలో ఏముందో దాని జాడ అందులో చిక్కుకుంటుంది. అది పాత రికార్డు మాత్రమే. శరీరంలో మందు ఇంకా పనిచేస్తోందని దానర్థం కాదు.

జన్యువుల కథకి మూలం 1967లో సైన్స్ పత్రికలో వచ్చిన ఓ పరిశోధన. ఎల్‌ఎస్‌డీ తగిలిన తెల్ల రక్తకణాల్లో క్రోమోజోములు విరిగాయని రాశారు. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. 1971లో అదే పత్రిక అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్షని వేసింది. మామూలు మోతాదులో స్వచ్ఛమైన ఎల్‌ఎస్‌డీ క్రోమోజోముల్ని దెబ్బతీయదని తేల్చింది. మొదటి వార్త చేరినంత దూరం రెండోది చేరలేదు. 1968లో పెన్సిల్వేనియాలో ఇంకోటి. ఎల్‌ఎస్‌డీ మత్తులో ఆరుగురు విద్యార్థులు సూర్యుణ్ణి చూస్తూ కూర్చుని గుడ్డివాళ్లయ్యారని ఓ ప్రభుత్వాధికారి చెప్పాడు. అది కల్పితమని ఆ రాష్ట్ర గవర్నరే తర్వాత ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా చదివి మా తమ్ముడిలా "చూశారా, సేఫే" అనుకోకండి. కథ ఇప్పుడే మొదలవుతుంది.

ఎల్‌ఎస్‌డీ అయినా, మ్యాజిక్ మష్రూమ్‌లో ఉండే సైలోసైబిన్ అయినా ఒంటిమీద చేసే పని ఉంది. గుండె వేగం పెరుగుతుంది. బీపీ పెరుగుతుంది. వికారం, చెమట, వణుకు, నిద్ర పట్టకపోవడం. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్లవాడికి ఇవి కొన్ని గంటల్లో తగ్గుతాయి. గుండె జబ్బున్నవాడి సంగతి వేరు. తనకి గుండె జబ్బుందని ఇరవై ఏళ్లవాడికి చాలాసార్లు తెలీదు కూడా. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి ఉంటే, ఆ ఒక్క రాత్రి దాక్కున్న జబ్బుని బయటికి లాగొచ్చు. కొద్దిమందికి మందు పూర్తిగా పోయాక కూడా నెలల తరబడి చూపులో గీతలు, కాంతి తోకలు కనిపిస్తూనే ఉంటాయి. వెన్నుపూస కథ బహుశా ఇలాంటివాళ్లని చూసి పుట్టి ఉంటుంది.

మా ఐటీవాళ్లలో మైక్రోడోసింగ్ అని ఇంకో ముచ్చట ఉంది. మత్తెక్కనంత చిన్న మోతాదు వారానికి రెండు మూడుసార్లు తీసుకుంటే కోడింగ్ దూసుకుపోతుందట. 2021లో లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు 191 మందితో దీన్ని పరీక్షించారు. ఎవరు అసలు మందు మింగారో, ఎవరు ఖాళీ గొట్టం మింగారో వాళ్లకే తెలీకుండా చేశారు. రెండు గుంపులవాళ్లకీ దాదాపు ఒకేలా బాగున్నట్టు అనిపించింది. పైగా గుండె కవాటాల మీద కూడా ఓ రకం సెరటోనిన్ తాళాలు ఉంటాయి. వాటిని నెలల తరబడి తిప్పిన ఫెన్‌ఫ్లూరమిన్ అనే సన్నబడే మందుని 1997లో మార్కెట్‌లోంచి తీసేశారు, కవాటాలు పాడవుతున్నాయని. ఎల్‌ఎస్‌డీ కూడా ఆ తాళంలో దూరుతుంది. మైక్రోడోసింగ్‌తో అలా జరుగుతుందని రుజువు కాలేదు. జరగదనీ రుజువు కాలేదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఆ కాగితం ముక్క మీద ఉన్నది ఎల్‌ఎస్‌డీయేనని ఎవరు చెప్పారు? 2010 ప్రాంతం నుంచి ఎన్‌బామ్ అనే రకం రసాయనాలు అచ్చం అలాంటి కాగితాల మీదే, ఎల్‌ఎస్‌డీ పేరుతోనే అమ్ముడయ్యాయి. ఇవి రక్తనాళాల్ని బిగిస్తాయి, జ్వరం విపరీతంగా పెంచుతాయి, ఫిట్స్ తెప్పిస్తాయి. చాలా దేశాల్లో కుర్రాళ్లు చనిపోయారు. స్వచ్ఛమైన ఎల్‌ఎస్‌డీ విషమెక్కి నేరుగా చనిపోయినట్టు గట్టిగా తేలిన కేసులు దాదాపు లేవన్నది నిజమే. ఆ నిజం ల్యాబ్‌లో కొలిచిన మందుకి వర్తిస్తుంది. గోకర్ణ బీచ్‌లో ముక్కూమొహం తెలీనివాడు ఇచ్చిన కాగితానికి వర్తించదు.

ఇదంతా మావాడికి వాయిస్ మెసేజ్‌లుగా పెట్టాను. చివర్లో ఇంకో మాట చేర్చాను: లిథియం మాత్రలు వాడేవాళ్లు ఇవి తీసుకుంటే ఫిట్స్ వచ్చిన కేసులు చాలా ఉన్నాయి అని. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, "అన్నయ్యా, లిథియం అంటే ఏ జబ్బుకి ఇస్తారు?" అన్నాడు. వాళ్ల రూమ్మేట్ ఒకడు రాత్రిళ్లు ఓ మాత్ర వేసుకుంటాడట. ఎందుకని ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. స్ట్రిప్ మీద ఆ పేరే ఉంది. గోకర్ణ వెళ్లే లిస్టులో వాడూ ఉన్నాడు.

"నలుగుర్లో అడక్కురా. వాడొక్కడే ఉన్నప్పుడు కూర్చుని చెప్పు" అన్నాను. చెప్పాడు. ఆ ట్రిప్ ఏమైందో నేనడగలేదు. ఆ కుర్రాడు మాత్రం వెళ్లలేదని తెలిసింది.

ఆ ఫోన్‌లోనే మావాడు ఇంకో మాటన్నాడు. "కెమికల్స్ వద్దులే అన్నయ్యా. నేచురల్‌వి అయితే పర్లేదంట కదా?" ఈ మాట సామర్లకోటవాడు అనకూడదు.

ఎందుకంటే మా ఊరి కాలవ గట్టు మీద, రైలు కట్ట పక్కన, ఎవరూ నాటకుండానే ఉమ్మెత్త పెరుగుతుంది. వినాయక చవితికి అమ్మే పత్రి కట్టలో ఉంటుంది. ఇరవై ఒక్క ఆకుల్లో దత్తూర పత్రం అదే. భీమేశ్వరస్వామికి శివరాత్రినాడు ఆ పూలు పెడతాం. దేవుడికి పెట్టేది కదా, ఏం చేస్తుందిలే అనుకుంటాం.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా చిన్న తాతయ్యకి ఆయాసం ఎక్కువైంది. ఉమ్మెత్తాకు పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందన్నది పాత వైద్యమే. 1800ల మొదట్లో మద్రాసు నుంచే అది ఇంగ్లండుకి వెళ్లింది. ఎవరో ఇంకో అడుగు ముందుకేసి, గింజలు నూరి కషాయం తాగమన్నారు. తాగిన గంటలో ఒళ్లు కాలిపోతోంది, కానీ చెమట చుక్క లేదు. మొహం ఎర్రబడింది. నాలుక అట్టలా ఎండిపోయింది. పొట్ట ఉబ్బింది, మూత్రం రావట్లేదు. మంచం మీద కూర్చుని చేతిలో లేని బీడీని చుట్టి, లేని అగ్గిపుల్ల గీసి, తాగుతున్నాడు. ఎప్పుడో పోయిన మా చిన్న నాయనమ్మతో వంట గురించి పోట్లాడుతున్నాడు. మేమెవరో తెలీదు. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. తడిగుడ్డలు, మూత్రానికి గొట్టం, నిద్రపట్టే ఇంజెక్షన్. రెండో రోజుకి మనిషయ్యాడు. వారం దాకా పేపర్‌లో అక్షరాలు ఆనలేదు.

తేడా ఇక్కడుంది. ఎల్‌ఎస్‌డీ తాళంచెవిలా తాళాన్ని తిప్పుతుంది. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపొలమిన్ తాళంలో విరిగిన అగ్గిపుల్లలా ఇరుక్కుంటాయి. చెమట, ఉమ్ము, పేగుల కదలిక, మూత్రం, కంటిపాప, గుండెకి పడే బ్రేకు, వీటన్నిటినీ నడిపే ఎసిటైల్‌కోలిన్‌కి దారి మూసేస్తాయి. ఒళ్లు వేడెక్కినా చల్లబడే దారి ఉండదు. ఎల్‌ఎస్‌డీలో కనిపించేది మందు వల్లేనని మనిషికి సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. ఉమ్మెత్తలో అది తెలీదు. కాలవని రోడ్డనుకుని నడిచి వెళ్లిపోగలడు.

అదే అట్రోపిన్ పురుగుమందు తాగిన రైతుని బతికిస్తుంది. ఇన్‌హేలర్లలో వాడే ఇప్రాట్రోపియం దాన్నించి వచ్చిన మందే. అక్కడ మిల్లీగ్రాముల్లో కొలిచి ఇస్తారు. గింజలో ఎంతుందో కొలత లేదు, చెట్టుకీ చెట్టుకీ మారుతుంది. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలవాళ్లు పిల్లలతో సహా ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త గింజల రసం తాగితే కరోనా రాదని ఓ టిక్‌టాక్ వీడియోలో చూశారు. మత్తు కోసం కాదు, ప్రాణభయంతో తాగారు.

కాబట్టి ఎవరైనా "ఇది సేఫా?" అని అడిగితే "సహజమా, కెమికలా" అని చూడకండి. అదేంటో నిజంగా తెలుసా, ఎంతుందో తెలుసా, తీసుకునేవాడి ఒంట్లో ఇప్పటికే ఏముందో తెలుసా అని అడగండి. మూడిట్లో ఒక్కదానికి "తెలీదు" అన్నా జవాబు వచ్చేసినట్టే. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో ఎల్‌ఎస్‌డీకి వాణిజ్య పరిమాణం 0.1 గ్రాము. అది దాటితే కనీసం 10 ఏళ్ల జైలు.

పక్కనున్నవాడు ఏదో మింగి ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా మజ్జిగ, నిమ్మరసం అంటూ టైమ్ వేస్ట్ చెయ్యకండి. 108కి ఫోన్ చెయ్యండి. చల్లటి గాలి తగలనివ్వండి, ఒంటరిగా వదలకండి. మిగిలిన కాగితమో, గింజో, మాత్ర స్ట్రిప్పో ఉంటే డాక్టరుకి చూపించండి. పోలీస్ కేసవుతుందని భయపడి "ఫుడ్ పాయిజన్" అని చెప్పకండి. ఏం మింగాడో తెలిస్తేనే సరైన ఇంజెక్షన్ పడుతుంది. మానలేకపోతున్నవాళ్లకి 14446, మనసు బాగోలేనివాళ్లకి 14416. రెండూ ఉచితమే. అలవాటు పడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరితే, చిన్న పరిమాణం కేసుల్లో శిక్ష నుంచి మినహాయింపుకి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది.

వచ్చే చవితికి పత్రి కట్ట విప్పేటప్పుడు ఉమ్మెత్తాకు ఏదో ఇంట్లో పిల్లలకి చూపించండి. పూజ అయ్యాక చేతులు కడుక్కోమనండి. అది దేవుడికే, మనకి కాదని చెప్పండి.