తడ రోజులు – 9: చొక్కా గుండీలో సాక్షి



పోయిన భాగంలో "ఆటోలో కూర్చుని టీ అంగడిలో జరిగేదంతా చూశాం" అని ఒక్క మాట రాసి వదిలేశాను. చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అప్పట్నుంచీ దాన్నే పట్టుకున్నారు. ఎలా చూశారన్నా, ఏం సామాను వాడారన్నా, మేమూ చెయ్యొచ్చా అని. సరే, ఈసారి అదే చెప్తాను. ఊరి పేరు మాత్రం రాయను. తడ నుంచి పులికాట్ సరస్సు వైపు పోతే తగిలే ఊళ్ళలో ఒకటనుకోండి. మనవాళ్ళు ఇంకా అక్కడే బతుకుతున్నారు.

2014 వేసవి. తడ అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఏప్రిల్ 22న చుండూరు కేసులో హైకోర్టు తీర్పొచ్చింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపిన కేసు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. హైకోర్టు అందర్నీ వదిలేసింది, నేరం రుజువు కాలేదంది. ఆ రాత్రి మా పల్లెలో ఒక అవ్వ అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది: "అన్ని శవాలు లేచినా రుజువు కాకపోతే, మన నోటిమాట యాడ నిలబడద్ది అబ్బయా?"

మా ఊరి గొడవ చుండూరంత పెద్దది కాదు. టీ గొడవ. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని అందరూ రాసేస్తారు. పోలేదు, వేషం మార్చింది. ఊరోళ్ళకి గాజు గ్లాసు, మనకి ప్లాస్టిక్ కప్పు. మనం తాగిన గ్లాసు కడగాల్సిన పనిలేకుండా కప్పును చెత్తలో పడేస్తారు. అడిగితే "శుభ్రత కోసం" అంటారు. ఫిర్యాదు ఇస్తే విచారణకొచ్చిన ఆఫీసరు అంగడికి పోయి చూస్తాడు. అక్కడ గ్లాసులూ ఉంటాయి, కప్పులూ ఉంటాయి. ఎవరికిష్టమైంది వాళ్ళు తాగుతున్నారంటాడు. ఫోటో తీసినా అంతే. బల్లమీద గ్లాసు, బల్లమీద కప్పు. అందులో కులం ఎక్కడ కనపడద్ది?

1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం చదవనివాళ్ళుంటే ఇవాళే చదవండి. నాలుగో సెక్షన్ హోటల్లో అందరి కోసం పెట్టిన గిన్నెల్నీ గ్లాసుల్నీ మనం వాడకుండా అడ్డుకోవడం నేరమంటుంది. పన్నెండో సెక్షన్ ఇంకా ముఖ్యం. అలాంటి పని షెడ్యూల్డు కులం మనిషి మీద జరిగిందని తేలితే, అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకోవాలి. కాదని చూపించే బరువు అవతలివాడిది. అంటే మనం కులద్వేషాన్ని రుజువు చెయ్యక్కర్లేదు, పని జరిగిందని చూపిస్తే చాలు. అడిగాడు, ఇవ్వలేదు, పక్కవాడికిచ్చారు. ఈ మూడూ వరసగా, తెగకుండా కనపడాలి. అందుకే మాకు వీడియో కావాల్సొచ్చింది.

సెల్‌ఫోన్ పెట్టి తియ్యొచ్చుగా అంటారు. తీస్తే లాక్కుంటారు. లాక్కుంటే ఫోనూ పోయె, రుజువూ పోయె. తీసినవాడి ఒంటిమీద దెబ్బలు మాత్రం మిగులుతాయి. అందుకని బొమ్మ తీసిన నిమిషానే అది మనిషిని దాటి బయటికి పోవాలి అనుకున్నాం. కెమెరా దాచడం చిన్న విషయం, బొమ్మ బయట ఇంకొకరి చేతిలో ఉండటమే అసలు పని.

మా బావ ఒకడు కేబుల్ టీవీ పని చేసేవాడు. వైర్లూ సిగ్నల్సూ వాడికి వెన్నతో పెట్టిన విద్య. ఇద్దరం సూళ్ళూరుపేట లోకల్లో మద్రాసు పోయి రిచీ స్ట్రీట్ అంతా తిరిగాం. గుండీ అంత కెమెరా, చిన్న మైకు, అగ్గిపెట్టె అంత ట్రాన్స్‌మిటర్, రిసీవర్, దానికి తగిలించుకునే చిన్న రికార్డర్ తెచ్చాం. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసేది. ఆ బ్యాండులో తక్కువ పవరు సామాను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లోనే ప్రభుత్వం చెప్పింది. వేరే బ్యాండువీ అమ్ముతారు, దూరం ఎక్కువొస్తుందంటారు. బావ వాటి జోలికి పోలేదు. "మనం చట్టం అడగబోతా చట్టం తప్పితే ఎట్టా?" అన్నాడు.

డబ్బా మీద వంద మీటర్లని రాసుంది. మా పల్లె చర్చి గోడ పక్కన పెట్టి చూస్తే ముప్ఫైకే బొమ్మ చెదిరిపోయింది. గోడ ఒక కారణం, మనిషి ఇంకో కారణం. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కదా, ఈ తరంగాల్ని నీళ్ళు మింగేస్తాయి. "మనిషంటే నడిచే నీళ్ళబిందె బావా" అన్నాడు. వేసుకున్నవాడు ఆటోకి వీపు తిప్పితే తెరమీద చీమలే. యాంటెన్నాను నడుం దగ్గర్నుంచి భుజం మీదికి, ఒంటికి అతుక్కోకుండా మార్చాడు. ఆటోను అంగడికి ఎదురుగా, మధ్యలో గోడ లేని చోట ఆపాలని తేల్చాం. ఆ నెల నాలుగో తేదీనే షార్ నుంచి పీఎస్ఎల్‌వీ-సీ24 పోతుంటే మిద్దెలెక్కి చూశాం. అంత పైనుంచి కబుర్లందుకునే శ్రీహరికోట పక్కన కూర్చుని, మేం టీ అంగడి నుంచి రోడ్డుదాకా బొమ్మ రప్పించడానికి వారం రోజులు తంటాలు పడ్డాం.

కెమెరా వేసుకోడానికి ముగ్గురు కుర్రాళ్ళు ముందుకొచ్చారు. ఇద్దరికి ఇంట్లో వద్దన్నారు. మిగిలినవాడు రొయ్యల గుంటల్లో కూలికి పొయ్యేవాడు, ఇరవై రెండేళ్ళు. "పనిలోంచి తీసేస్తారు, అంతే గదన్నా" అన్నాడు. మొదటిరోజు వాడు లోపలికి పోయి టీ తాగి వచ్చాడు. రికార్డు చూస్తే మట్టి, చెప్పులు, బెంచీ కాళ్ళు. ముఖం ఒక్కటీ లేదు. కెమెరా సరిగానే ఉంది. వాడే ఆ అంగడి ముందుకు రాగానే భుజాలు ముడుచుకుని వంగి నిలబడ్డాడు. మైకు పెట్టుకున్న సంగతి గుర్తుంది గానీ, వంగిన సంగతి వాడికే తెలీదు. వాళ్ళ నాయన అట్లాగే నిలబడేవాడు, తాతా అంతే. వంగిన మనిషి చొక్కా గుండీకి నేల తప్ప ఏం కనపడద్ది? రెండు సాయంత్రాలు చర్చి ముందు నిటారుగా నిలబడి టీ అడగడం నేర్చుకున్నాడు. నవ్వులాటగా మొదలుపెట్టాం, కాసేపటికి ఎవరికీ నవ్వు రాలేదు.

మూడోరోజు దొరికింది. వాడు అడిగాడు: "అన్నా, నాక్కూడా గ్లాసులో పొయ్యి." అంగడాయన: "మీకు కప్పే అబ్బయా, తెలీనట్టు అడగతావేంది?" పక్క బెంచీ ఆయనకి గాజు గ్లాసు అందింది. ఇంకోసారి అడిగాడు. అప్పుడు ఊరి పెద్దాయన కొడుకొకడు లేచి కులం పేరెత్తి తిట్టి చెంపమీద కొట్టాడు. ఫోను లాక్కుని వెతికి, ఏం లేకపోతే నేలకేసి కొట్టాడు. ఆ చెయ్యి కెమెరా మీదికి రావడం ఆటోలో మేం చూస్తున్నాం. బావ చేతులు వణుకుతున్నా రికార్డర్ ఆపలేదు. నేను దిగి పోయి కుర్రాణ్ణి తీసుకొచ్చాను. కెమెరా వాళ్ళకి కనపడలేదు. కనపడినా లాభం లేదు, అప్పటికే బొమ్మ రోడ్డు దాటి వచ్చేసింది.

ఆ రాత్రి టీ అంగడాయన పల్లెకొచ్చాడు. సంగతి ఎట్లాగో తెలిసింది. ఆయనా పేదోడే, బీసీ. "మీకు గ్లాసిస్తే రేపట్నించి వాళ్ళెవరూ నా అంగడి తొక్కరు" అని ఏడ్చాడు. కేసులో ఆయన పేరు పెట్టాలా వద్దా అని మాలో మాకే తగువొచ్చింది.

నాకప్పుడు బంగారు లక్ష్మణ్ గుర్తొచ్చాడు. మన హైదరాబాదు మనిషి, బీజేపీకి మొదటి దళిత అధ్యక్షుడు. ఆయన రాజకీయం నాకు ఏనాడూ నచ్చలేదు. 2001 మార్చి 13న తెహల్కావాళ్ళు బయటపెట్టిన టేపుల్లో, లేని ఆయుధాల కంపెనీ మనుషుల దగ్గర లక్ష రూపాయలు తీసుకుంటూ కనపడ్డాడు. తీసుకున్నాడు, అందులో వాదన లేదు. పదవి పోయింది. 2012లో కోర్టు నాలుగేళ్ళ శిక్ష వేసింది. 2014 మార్చి 1న చనిపోయాడు, మా టీ గొడవకి రెండు నెలల ముందు. అదే దుమారంలో రాజీనామా చేసిన రక్షణ మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ అక్టోబరుకల్లా అదే కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. ఆయన టేపులో లేడు, నిజమే. నేను చెప్పేదీ అదే. దాచిన కెమెరాకి ఎదురుగా కూర్చున్నవాడే దొరుకుతాడు. వెనక గదిలో ఉన్నవాడు దొరకడు. దేశానికి గుర్తుండిపోయిన ముఖం మాత్రం ఒక దళితుడిది.

కొట్టినవాడి మీద అట్రాసిటీ ఫిర్యాదు ఇచ్చాం. కుర్రాడే పట్టుబట్టాడు, అంగడాయన మీద వద్దని. కప్పుల సంగతి నెలనెలా 30న జరిపే సివిల్ రైట్స్ డే సభలో, అధికారుల ముందు, టేపు వేసి అడిగాం. నెలరోజులు అందరికీ గ్లాసే వచ్చింది. తర్వాత ఊరోళ్ళు వేరే అంగడికి మళ్ళారు. ఆయన అంగడి మూసి, మళ్ళీ తెరిచినప్పుడు అందరికీ పేపరు కప్పులే పెట్టాడు. దీన్ని గెలుపనాలో ఏమనాలో మీరే చెప్పండి. కుర్రాడికి గుంటల్లో పని పోయింది, శ్రీసిటీలో చేరాడు.

ఇప్పుడు మీరు చెయ్యాలనుకుంటే ఆ సామాను అక్కర్లేదు. నెట్ ఉన్నచోట ఫోనే ఆ పని చేస్తుంది. ఆ పాత ట్రాన్స్‌మిటర్లకి తాళం లేదు, అదే ఛానల్ రిసీవర్ ఉన్న ఎవడైనా చూసేయొచ్చు. అందుకే మేం గడప దగ్గరే ఆన్ చేసేవాళ్ళం. నలుగురూ తిరిగే చోట తప్ప, ఎవరి ఇంట్లోనూ ఇది వాడొద్దు. ఒక్క ముక్క కూడా కత్తిరించొద్దు. 2007లో ఢిల్లీలో ఒక టీచరమ్మ మీద ఛానల్ వేసిన దొంగ స్టింగ్ చూసి జనం ఆమెను కొట్టి బట్టలు చించారు. తర్వాత అది అబద్ధమని తేలింది.

అసలు కార్డు భద్రం. 2014 సెప్టెంబరులో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు, కాపీ ఇస్తే 65బి సర్టిఫికెట్ ఉండాల్సిందేనంది. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్ళీ అదే చెప్పింది. 2024 జులై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్, ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. మా దాంట్లో రికార్డయింది ఆటోలో, కెమెరా దగ్గర కాదు. కాబట్టి సాక్షిగా నిలబడాల్సింది కుర్రాడొక్కడే కాదు, రికార్డర్ పట్టుకున్న బావ కూడా. ఫిర్యాదు ఇచ్చిన రోజు మొదట అడిగింది కూడా వాడినే: "నువ్వెవరు? వాళ్ళ కులమేనా?"

అక్కణ్ణుంచి కేసు ఎటు పోయిందో వచ్చే భాగంలో రాస్తాను.