అత్తగారి బకెట్

కూకట్‌పల్లి ఫ్లాట్‌కి అత్తగారు వచ్చింది 2024 వేసవిలో. బోరెండి, అపార్ట్‌మెంటంతా ట్యాంకర్ కోసం చూస్తున్న రోజులు. వంటింట్లో ఆర్వో మిషను సన్నగొట్టంలోంచి నీళ్లు సింకులోకి పోతుంటే కాసేపు చూసి, దాని కింద బకెట్ పెట్టారావిడ. లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు వృథా అని ఇంజినీరు కొడుక్కి తెలుసు. తెలిసి ఏం లాభం!

సాయంత్రానికి బకెట్ నిండింది. గిన్నెలకీ, ఇల్లు తుడవడానికీ సరిపోయింది. ‘మొక్కలకొద్దత్తయ్యా, ఉప్పెక్కువ’ అంది కోడలు. అదీ నిజమే.

చుట్టాలొస్తే మాత్రం నామోషీగా ఉందని బకెట్ దాచేసేది కోడలు. ‘నగరానికి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పంపులతో రావాలమ్మా, దానికెంత కరెంటో!’ అన్నాడు కొడుకు ఓరోజు. ‘మరి దాచడమెందుకురా?’ అన్నారావిడ. కోడలు తలొంచుకుంది.

ఆవిడ ఊరెళ్లిపోయారు. బకెట్ సింకు పక్కనే ఉంది, చుట్టాలున్నా సరే.