తీతువు గ్రుడ్లు

మెదకు ప్రాంతమునకు సముద్రము లేదు. అయినను వేసవిలో నర్సాపూరు చెరువు తగ్గి గట్టునేల బయల్పడునపుడు తీతువులకదియే తీరము. ఈ పిట్ట గూడల్లదు. నేలపై చిన్న గుంట చేసి, తరచు 4 గ్రుడ్లు పెట్టి, దాదాపు నెలనాళ్ళు పొదుగును. మట్టివన్నెపై నల్లమచ్చలు, ప్రక్కనే నిలిచినను రాళ్ళని భ్రమింతుము. ఎండ మండునపుడు తల్లి రొమ్ము నీట తడుపుకొని వచ్చి గ్రుడ్లపై కూర్చుండును. దాని కూత యశుభమని పెద్దలందురు. బిడ్డలకై పెట్టు గగ్గోలని నా తలంపు.

తమ్ముడు కెమెరాతో దగ్గరకు పోదమనెను. నేనొప్పలేదు. మనము నిలిచినంతసేపు తల్లి లేచియే యుండును, ఎండకు గ్రుడ్లు మాడును. దూరమున తుమ్మచెట్టు నీడను కదలక కూర్చుంటిమి. కొంతసేపటికి తల్లి దిగివచ్చినది. ఛాయాచిత్రమున పిట్ట ఆవగింజంత పడినది. తమ్మునికది రుచింపలేదు, నాకు మాత్రము ఆ ఆవగింజ క్రింద నాలుగు గ్రుడ్లును కనబడుచునే యున్నవి.